కొండ మీద చక్కెర లెక్క

కిందటి వేసవిలో ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరము చాల దినములు మా మనస్సును విడువలేదు. ఆయన తమ తల్లిగారిని కేదారనాథ దర్శనమునకు తీసికొని వెళ్లినారు. ఆమెకు అరువది యేండ్లు. ఇన్సులిన్ మీద ఆధారపడిన మధుమేహము. మోచేతికి పైన, చేతి వెనుక భాగమున, రూపాయి బిళ్లయంత సెన్సారు అతికించి యున్నది. ఉదయము గౌరీకుండములో గుర్రము ఎక్కి, సాయంకాలమునకు కేదారము చేరినారు. రాత్రి రెండు గంటలకు ఫోను మ్రోగినది. చక్కెర 58 అని చూపినది. తల్లిగారికి తలనొప్పి, వికారము, నీరసము. కుమారుడు గ్లూకోజు నీళ్లు త్రాగించినారు. ఫోను మరల మ్రోగినది, మరల త్రాగించినారు. తెల్లవారిన పిమ్మట ఆమె వ్రేళ్లు తడిగుడ్డతో తుడిచి, గ్రుచ్చి చూడగా చక్కెర 290. తలనొప్పి తగ్గలేదు సరికదా, అడుగు తడబడుచున్నది. అక్కడి వైద్యుడు చూచి, ఇది కొండజబ్బు, వెంటనే క్రిందికి దింపుడని చెప్పినారు. దిగిన కొలది ఆమె తేరుకొన్నారు.

"ఆ యంత్రము మాతో అబద్ధమాడినదా? లేక మేమే దానిని తప్పుగా చదివితిమా?" అని ఆయన ప్రశ్న. మేము వైద్యులము కాము. తెలిసిన వారిని అడిగి, చదివి గ్రహించిన సంగతులను శ్రోతల ముందుంచుచున్నాము.

మొదట గుర్తుంచుకొనవలసినది, ఈ సెన్సారు రక్తమును చూడదు. చర్మము క్రింద కణముల నడుమ నుండు ద్రవములోని చక్కెరను చూచును. రక్తములో కలిగిన మార్పు ఆ ద్రవమునకు చేరుటకు సుమారు 5 నుండి 10 నిమిషములు పట్టును. మంచి సెన్సారు కూడ, సమతల ప్రదేశముననే, సగటున నూటికి 8 నుండి 10 వరకు తేడా చూపును. అది దోషము కాదు, ఆ పరికరపు స్వభావము.

లెక్క కట్టు విధానమునకు మూలము 1962లో పడినది. అమెరికాలో లీలండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అను ఇరువురు, ఎంజైమును ఎలక్ట్రోడుతో జోడించి చక్కెరను కొలువవచ్చునని చూపినారు. అట్టి సెన్సారునకు అమెరికా ప్రభుత్వపు అనుమతి మొదట లభించినది 1999లో. వెండ్రుకవంటి తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అను ఎంజైము పూసియుండును. అది చక్కెరను, ప్రాణవాయువును కలిపి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించును. దాని నుండి కలుగు స్వల్ప విద్యుత్తును కొలిచి, చక్కెర యింత అని యంత్రము చెప్పును.

కొండకును ఈ యంత్రమునకును గల తగవు ఇక్కడనే యున్నది. సముద్రమట్టమున వాయుపీడనము 760 మిల్లీమీటర్లు. 3,583 మీటర్ల ఎత్తుననున్న కేదారనాథమున అది సుమారు మూడింట రెండు పాళ్లు మాత్రమే. 5,500 మీటర్ల వద్ద సగమగును. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు గాని, పీడనము తగ్గుటచే మనకు అందునది తగ్గును. పెండ్లి భోజనములలో, వాడిన విస్తళ్లను బట్టి అతిథులను లెక్కించు వానిని తలంపుడు. విస్తళ్లు చాలనప్పుడు వాని లెక్కలో అతిథులే తక్కువగా వచ్చినట్లుండును. అట్లే ప్రాణవాయువు చాలని చోట, చక్కెర ఉండియు, సెన్సారు తక్కువ చూపవచ్చును.

తయారీదారులు ఈ చిక్కును ఎరుగని వారు కారు. ఎంజైము మీద ఒక పలుచని పొర కప్పి, చక్కెరను కొద్దికొద్దిగాను, ప్రాణవాయువును ధారాళముగాను లోనికి విడుచునట్లు చేసినారు. మరి కొన్ని సెన్సార్లలో ప్రాణవాయువు చేయు పనిని ఆస్మియము అను లోహపు సమ్మేళనమునకు అప్పగించినారు. మన శరీరము కూడ ఊపిరి వేగము పెంచి కొంత సర్దుకొనును. కావున కేదారము వంటి ఎత్తున ప్రాణవాయువు కొరత యొక్కటే 290ని 58గా చూపినదనుట న్యాయము కాదు.

వ్రేలు గ్రుచ్చి చూచు పట్టీలకు తగవు తలక్రిందులుగా నుండును. ఆక్సిడేజ్ పట్టీలో విద్యుత్తును మోయుటకు వేరొక పదార్థము ఉండును, గాలిలోని ప్రాణవాయువు దానికి పోటీ వచ్చును. కొండ మీద పోటీ తగ్గును గనుక పట్టీ ఎక్కువ చూపవచ్చును. గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ అను ఎంజైముతో చేసిన పట్టీలకు ఈ బెడద లేదు. కొండకు పోవువారు ఆ రకమునే అడిగి తీసికొనుట మేలు.

మరి ఆ రాత్రి జరిగినదేమి? ఉత్తరములోనే ఒక మాట యున్నది. చలికి ముడుచుకొని తల్లిగారు సెన్సారు ఉన్న చేతి మీదనే ఒత్తిగిలి పడుకొన్నారట. అట్లు ఒత్తిడి పడినప్పుడు అచ్చట రక్తప్రసారము సన్నగిల్లి, సెన్సారు ఉన్నదానికంటె తక్కువ చూపును. ఇది ఊరిలోను జరుగునదే. కొండ మీద దీనికి చలి తోడగును. చాల గ్లూకోమీటర్లు సుమారు 10 డిగ్రీలకు దిగువన సరిగా పనిచేయవు. తలనొప్పికని మ్రింగిన పారాసిటమాల్ కొన్ని రకముల సెన్సార్లలో లేని చక్కెరను చూపించును. నడకలో చక్కెర వేగముగా పడిపోవునప్పుడు సెన్సారు వెనుకబడును.

తయారీదారులు తమ పరికరము ఎంత ఎత్తు వరకు పనిచేయునో చేతిపుస్తకములో వ్రాయుదురు. వాడుకలోని ఒక సెన్సారునకు ఆ హద్దు 3,048 మీటర్లు. మరొక దానికి సుమారు 4,200 మీటర్లు. కేదారము మొదటి హద్దును దాటినది. అమరనాథ గుహ 3,888 మీటర్లు. లడఖ్‌లోని ఖర్దుంగ్ లా 5,359 మీటర్లతో రెండు హద్దులను దాటినది. హద్దు దాటగానే యంత్రము నిలిచిపోవునని కాదు. అటుపైన దాని మాటకు తయారీదారు పూచీపడడని అర్థము.

అంకె తప్పిన దానికంటె ప్రమాదకరమైనది వేరొకటి కలదు. తలనొప్పి, వికారము, నీరసము, తల తిరుగుట, మాట తడబడుట – చక్కెర పడిపోయినప్పుడును ఇవే, కొండజబ్బులోను ఇవే. మొదటి దానికి మందు చక్కెర. రెండవ దానికి, ముదిరినచో, క్రిందికి దిగుటయే. ఒకదానిని మరొకటిగా భ్రమించి గడపిన రాత్రి ప్రాణము మీదికి రావచ్చును.

కావున మేము గ్రహించిన నియమము ఇది. అంకెయు, మనిషి స్థితియు ఏకీభవించనప్పుడు చేయి కడిగి, వెచ్చజేసి, వ్రేలు గ్రుచ్చి చూడవలెను. గ్లూకోజు అంటిన వ్రేలు దొంగలెక్క చెప్పును. చూచుటకు వీలు లేనిచో ఒకసారి చక్కెర ఇచ్చుటయే క్షేమము, ఏలయన పడిపోయిన చక్కెర త్వరగా ముంచును. 15 గ్రాములిచ్చి, 15 నిమిషములు ఆగి, మరల చూడవలెను. అప్పటికి చక్కెర బాగుండి, మనిషి బాగుండనిచో, చీకటియైనను వైద్యుని పిలిచి దిగు ఏర్పాటు చేయవలెను. పట్టీలను, మీటరును, ఇన్సులిన్‌ను బట్టల లోపల ఒంటికి తగులునట్లు ఉంచుకొనవలెను. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినను పనికిరాదు.

ఆ కుమారుడు మొదటిసారి గ్లూకోజు త్రాగించుట తప్పు కాదు. రెండవసారి ఇచ్చుటకు ముందు వ్రేలు గ్రుచ్చకపోవుటయే లోపము. అంతకంటె పెద్ద లోపము పగటనే జరిగినది. గౌరీకుండము సుమారు 2,000 మీటర్లు. ఒక్క దినమున 1,600 మీటర్లు ఎక్కినారు. 3,000 మీటర్లు దాటిన పిమ్మట ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పైన పడుకొనరాదని పర్వతవైద్యము తెలిసినవారు చెప్పుదురు.

మధుమేహులకు కొండలు నిషిద్ధమని మేము అనుట లేదు. ఇన్సులిన్ తీసికొనుచునే ఆస్ట్రియా దేశీయుడు గేరి వింక్లర్, అమెరికా దేశీయుడు విల్ క్రాస్ 2006లో ఎవరెస్టు శిఖరము చేరినారు. వారు అంకెను చూచినారు, ఒంటిని చూచుకొన్నారు, తొందరపడలేదు.

తల్లిగారు ఈ యేడు బదరీనాథము పోవలెనని పట్టుపట్టినారట. అది సుమారు 3,100 మీటర్లు, మోటారు దారి. తప్పక వెళ్లవచ్చును, వైద్యుని సమ్మతి తీసికొని. దారిలో జోషీమఠమున ఒకటి రెండు రాత్రులు ఆగవలెను. సెన్సారును కుడి చేతికి పెట్టుకొని, ఎడమ వైపునకు ఒత్తిగిలి పడుకొమ్మని మా మాటగా ఆమెతో చెప్పవలెను.