రాబందుల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

జీవుల సంఖ్య మున్ముందు ఎలా మారుతుందో కంప్యూటరు మీద లెక్కగట్టి చూడడాన్ని జనాభా అనుకరణ అంటాం. ఆ లెక్కలోని అనిశ్చితిని ఎలా అంచనా వేస్తారో రాబందుల ఉదాహరణతో తెలుసుకుందాం.

మన దేశంలో 1992 నుంచి 2007 నాటికి తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రమే మిగిలాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా చేరి రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. మరి ఇంత నష్టానికి ఈ మందొక్కటే చాలునా?

రీస్ గ్రీన్, ఆయన సహచరులు అదే ఏడాది అనుకరణతో దీనికి జవాబు వెదికారు. చిక్కేమిటంటే, లెక్కలో వేయవలసిన విలువలు కొన్ని కచ్చితంగా తెలియవు. రాబందు ఎన్నాళ్లకోసారి తింటుంది? మందు లేకుంటే ఏటా ఎన్ని పెద్ద పక్షులు బతుకుతాయి?

చిన్న తేడా ఎంత మార్పు తెస్తుందో చూడండి. 100 పక్షులున్నాయనుకుందాం, కొత్త పిల్లలను పక్కన పెడదాం. ఏటా 97 శాతం బతికితే 20 ఏళ్లకు 54 మిగులుతాయి. 90 శాతమే బతికితే 12 మిగులుతాయి. అందుకే తెలియని ప్రతి విలువనూ కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య మార్చి మార్చి లెక్క చేయాలి. ఏది మారితే ఫలితం ఎక్కువగా మారుతుందో గమనించాలి. దీన్నే సున్నితత్వ విశ్లేషణ అంటారు.

రాబందుల విషయంలో విలువలను బట్టి జవాబు మారింది. కానీ ఏ జవాబూ 1 శాతాన్ని చేరలేదు. అంటే నూరు కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువలో ప్రాణాంతక మోతాదు ఉన్నా ఆ పతనానికి చాలు.

అయితే నమూనాలోనే ఏదైనా అంశం వదిలేసి ఉంటే, విలువలు ఎంత మార్చినా ఆ లోపం బయటపడదు. అందుకే బయటి సాక్ష్యం కావాలి. చనిపోయి దొరికిన రాబందుల్లో ఈ విషప్రభావం కనిపించినవాటి నిష్పత్తి అనుకరణ అంచనాకు దగ్గరగా ఉంది. తరువాత మన దేశంలో 1,800కు పైగా కళేబరాలను పరీక్షిస్తే, దాదాపు 10 శాతంలో మందు జాడ దొరికింది. జాడ ఉన్నదల్లా ప్రాణాంతకం కాకపోయినా, 1 శాతం అసాధ్యమేమీ కాదని తేలింది.

2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో ఈ మందు వాడకాన్ని ఆపాలని నిర్ణయించాయి. ప్రతి విలువా కచ్చితంగా తేలేవరకు ఆగి ఉంటే, కాపాడడానికి పక్షులే మిగిలేవి కావేమో! అనిశ్చితి ఉన్నంత మాత్రాన లెక్క పనికిరాదని కాదు. ఆ అనిశ్చితి మన నిర్ణయాన్ని మార్చేంత పెద్దదా, కాదా అన్నదే అడగవలసిన ప్రశ్న.