ఆ మగాడేడీ?

(కృత్తివెన్నులో పేట మందిరం ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ పరిశుద్ధత గురించి మాట్లాడతాను. పెద్దోళ్ళు సిగ్గుపడొద్దు, పిల్లలు లేచిపోవద్దు.

1841లో నోబుల్, ఫాక్స్ దొరలు బందరు వచ్చి మిషన్ పెట్టారు. ఆ తర్వాత మన మాల మాదిగ పేటలు క్రీస్తును ఎందుకు నమ్ముకున్నాయి? ఊరు మనల్ని మైల అంది. ఆయన ముట్టుకున్నాడు. అందుకు!

మరి ఆ మైలని మళ్ళీ మన మందిరంలోకి ఎవరు తెచ్చారు? అన్ని సంఘాలూ ఇంతేనని అనను. కానీ యౌవనస్థుల కూటంలో నీతిబోధంతా ఆడపిల్లల వంక చూసే. ముసుగేసుకో, తలొంచుకో. మగపిల్లలు వెనక చాపల మీద ముసిముసి నవ్వులు. తప్పు జరిగితే అమ్మాయిని ప్రభువు బల్ల నుంచి తీసేస్తారు. అబ్బాయి ఆ ఆదివారమే డోలక్ వాయిస్తాడు!

యోహాను ఎనిమిదో అధ్యాయం తీయండి. వ్యభిచారంలో పట్టుకున్నామని ఒక ఆడమనిషిని లాక్కొచ్చారు. లేవీయకాండము ఇరవయ్యో అధ్యాయం ప్రకారం శిక్ష ఇద్దరికీ. మరి ఆ మగాడేడీ? యేసు ఆమెను రాళ్ళకు అప్పజెప్పలేదు.

మార్కు ఐదు చూడండి. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడ్డ స్త్రీ. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె తాకితే మైల. ఆమె తాకింది. ఆయన మైలపడ్డానన్నాడా? కుమారీ అని పిలిచాడు. అంటరానితనం అనుభవించిన మనకి ఈ కథ ఒకరు విడమర్చి చెప్పాలా?

చట్టమూ అట్లాగే ఏడ్చింది. 1869 విడాకుల చట్టంలో క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య అయితే దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో కూడా చూపించాలి. 2001లో గాని ఆ తేడా పోలేదు.

ఇది పిల్లల ప్రాణాల మీదికొచ్చే సంగతి. చేలో, రొయ్యల షెడ్డులో, బళ్ళో, మందిరంలో ఎవడైనా చెయ్యేస్తే, తన పరిశుద్ధత పోయిందనుకుని పిల్ల నోరు మూసుకుంటుంది. వాడు మళ్ళీ వస్తాడు. అమ్మా, పోయింది నీ పరిశుద్ధత కాదు, వాడి మనిషితనం!

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కోసం 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఇది సంఘ పెద్దలు రాజీ చేసే గట్టు తగాదా కాదు. 1098కి ఫోన్ చేయండి. పోలీసు స్టేషనుకి పదండి. పిల్లతో పాటు పేటంతా నడవాలి.

సంఘాన్ని మనం అడిగేది మూడే. ఆడా మగా ఇద్దరికీ ఒకటే నియమం. పెద్దల్లో ఆడవాళ్ళకీ కుర్చీ. బోధ ముందు మగపిల్లలకి.

ఈసారి ఎవరైనా ఒక ఆడపిల్లని సంఘం ముందు నిలబెడితే, లేచి ఒక్క మాట అడగండి: అయ్యా, ఆ మగాడేడీ?

జై భీం!