ఒక్క బిడ్డ సాక్ష్యము



నైజాం రాజ్యమధ్యమున ద్వీపమువలె నుండి బ్రిటిషు పాలనకు లోబడిన ఈ మునగాల పరగణాకు దివానై, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, శాస్త్రజ్ఞానము తెలుగువానికి తెలుగుననే అందవలెనని జీవితాంతము పరిశ్రమించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నడయాడిన నేలమీద, ప్రత్యేక విద్యాబోధనమున పట్టభద్రులగుచున్న మీతో పలుకు భాగ్యము నాకు లభించినది. శాసనమును చదువునపుడు ఆయనవంటి చరిత్రకారుడు చూపు జాగ్రత్తనే, బిడ్డ నడవడిని చదువునపుడు మీరును చూపవలసియున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల బడులలో ఒకే లక్షణముగల నూరుగురు పిల్లలు మీకు దొరకరు. మాట రాని బాలుడొకడు, తల నేలకు కొట్టుకొను పాప యొకతె, ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు. వారిని గుంపులుగా విడదీసి సరాసరి తీయుట సాధ్యమైనను, ఆ సరాసరి వారిలో ఏ బిడ్డదియు కానేరదు. అందుచేతనే బిడ్డను ఆ బిడ్డతోనే పోల్చి చూచు ఏకవ్యక్తి పరిశోధన పుట్టినది. మనస్తత్వవేత్త స్కిన్నరు 1938లో వెలువరించిన గ్రంథమున మొలకెత్తి, 1960లో మరే సిడ్మను రచనచే దృఢపడి, 1968లో బేరు, వుల్ఫు, రిస్లీ అను మువ్వురి వ్యాసముతో అది ప్రజాజీవితపు సమస్యలవైపు మరలినది. మనకు చేరువగా సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థనుండి, ప్రవర్తనా పద్ధతిని ఉపాధ్యాయులకు బోధించు చేతిపుస్తకమును 1992లో పెషావరియా, వెంకటేశన్ గార్లు అందించిరి.

అయితే ఒక్క బిడ్డను చూచుట వేఱు, ఆ చూపు ప్రమాణమగుట వేఱు. ఇట్టి పరిశోధన మీ చేతికి వచ్చినపుడు, నడవడిని మార్చు పద్ధతి పెట్టిననాడు మార్పు వచ్చినదా, పెట్టనినాడు రాకున్నదా, అట్లు ఎన్నిమారులు జరిగినదని అడుగుడు. అమెరికా విద్యాశాఖ పక్షమున పండితులు 2010లో కూర్చిన ప్రమాణములలో, ఫలితము కనీసము మూడు వేర్వేరు సమయములందు కనబడవలెననియు, లోపమెంచరాని పరిశోధనకు పద్ధతి లేని దశకును ఉన్న దశకును ఐదేసి కొలతలైన నుండవలెననియు, ప్రతి దశలోను ఐదింట నొకవంతు పరిశీలనలనైనను రెండవ మనిషి వేఱుగా కూర్చుండి లెక్కింపవలెననియు విధించిరి. ఈ చివరి నియమమును తేలికగా చూడకుడు. పద్ధతి ఫలింపవలెనని మనసార కోరుకొను ఉపాధ్యాయుని కంటికి, పాప కొట్టుకొన్న పది దెబ్బలు ఎనిమిదిగా కనబడుట నేనెఱుగుదును.

పద్ధతిని కొన్నాళ్లు ఆపి, మరల మొదలిడి చూచుట ఒక మార్గము. కాని తల కొట్టుకొను పాప విషయమున, మానిన అలవాటును మరల రప్పింపుడని చెప్పుటకు నాకు నోరు రాదు. అట్టిచోట బహుళ ఆధారరేఖల ప్రణాళికయే శరణ్యము. నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది రైతుబిడ్డలకు దానిని బోధించుట కష్టము కాదు. మొదటి తూము ఎత్తిననాడు దాని క్రింది మడి మాత్రమే తడిసి, వారము గడచి రెండవది ఎత్తగా రెండవ మడియు, పిమ్మట మూడవది ఎత్తగా మూడవ మడియు తడిసినచో, నీరు తూమునుండియే వచ్చినదని నమ్మవచ్చును. మొదటినాడే మూడును తడిసినచో, రాత్రి వాన కురిసినదేమోయని విచారింపవలెను. ఒకే పద్ధతిని ముగ్గురు పిల్లలకు వేర్వేరు దినములందు ప్రారంభించుటలోని రహస్యమిదియే.

నా తొలినాళ్లలో, ఒక బడిలో, తోటిపిల్లలను కొఱకుచుండిన బాలునికి నేనొక పద్ధతి అమలుచేసితిని. ఆత్రముచే, పద్ధతి మొదలిడకముందరి ఆధారదశలో రెండే కొలతలు తీసికొంటిని. నాలుగవ దినమునుండి కొఱకుట తగ్గగా, గ్రాఫుమీద ఆచోట ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, పదిమందికి చూపితిని. నెల గడచిన పిదప వాని నాయనమ్మ మాటలసందున చెప్పినది: కూలిపనికై హైదరాబాదు పోయిన వాని తల్లి ఆ నాలుగవ దినముననే ఇల్లు చేరినదట. ఫలించినది నా పద్ధతియో, తల్లి రాకయో, నేటికిని చెప్పజాలను. ముగ్గురు పిల్లలతో, ఆగి ఆగి ప్రారంభించియుండిన చెప్పగలిగియుందును. ఆ సున్న ప్రక్కన తల్లి వచ్చిన తేదీని తరువాత నీలిసిరాతో వ్రాసితిని. ఆ నోటుపుస్తకమును మీకు చూపుటకే వెంట తెచ్చితిని. సభ ముగిసిన పిమ్మట వచ్చి చూడుడు.