రేషన్ పుస్తకంలో బ్రిటన్ చరిత్ర
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. మా అమ్మాయి ఇంగ్లండులో లెస్టరులో ఉంటోంది. మనవరాలికి తొమ్మిదేళ్లు. అక్కడ చాలా ప్రాథమిక పాఠశాలల్లో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, రాత్రిపూట కిటికీలకు నల్లగుడ్డ ఎందుకు కట్టారు అన్నది పాఠంగా చెబుతారు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మనం చదివిన ఇంగ్లండు చరిత్రలో రాజులున్నారు గాని వంటిల్లు ఎక్కడుంది?

కిందటేడు సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల "తాతయ్యా, రేషన్ అంటే ఏమిటి?" అని అడిగింది. అడగవలసినవాణ్ణే అడిగింది! పౌరసరఫరాల శాఖలో ఏళ్ల తరబడి కార్డులు రాసినవాణ్ణి కదా.

బ్రిటన్‌కు ఆహారం చాలావరకు ఓడల మీద రావాలి. ఆ ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్నాయి. అందుకని 1940 జనవరి 8 నుంచి వెన్నకు, పంచదారకు, బేకన్ అనే పందిమాంసానికి రేషన్ పెట్టారు. జులైలో టీ పొడి చేరింది. ఇదంతా నోటితో చెబితే పిల్లకు అందదు. వంటింట్లోంచి తూకం తెప్పించి తూచి చూపించాను. వారానికి మనిషికి టీ పొడి సుమారు 57 గ్రాములు, వెన్న కూడా అంతే, పంచదార 227 గ్రాములు, గుడ్డు ఒకటి, అదీ దొరికితే. మా ఆవిడ ఆ టీ పొడి చూసి "ఇది మీ కార్యవర్గ సమావేశం ఒక్కదానికి చాలదు" అంది.

మనం తెల్లకార్డు, గులాబీకార్డు ఆదాయాన్నిబట్టి ఇచ్చాం. వాళ్లు పుస్తకం రంగు వయసునుబట్టి పెట్టారు. పెద్దలకు లేత గోధుమరంగు, అయిదు నుంచి పదహారేళ్లవారికి నీలం, అయిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఆకుపచ్చ. ఆకుపచ్చ పుస్తకం ఉంటే పళ్లు ముందు వాళ్లకే, గుడ్లు రెట్టింపు. రాజుగారింటికీ రేషన్ పుస్తకాలే. 1947లో ఎలిజబెత్ రాకుమారి పెళ్లిబట్టల కోసం జనం తమ కూపన్లు పంపితే, ఒకరివి మరొకరు వాడరాదని తిప్పి పంపారు. ఆ ఫైలు మీద నోటు పెట్టిన గుమాస్తా ఎవరో గాని, ఆయనకు దండం పెట్టాలి!

పిల్ల ఎక్కువగా నవ్వింది మిఠాయిల సంగతికి. 1949 ఏప్రిల్‌లో వాటి రేషన్ ఎత్తేస్తే జనం ఎగబడి కొట్లు ఖాళీ చేశారు. ఆగస్టులో మళ్లీ పెట్టి, 1953 ఫిబ్రవరిలో గాని తీయలేదు. మాంసంతో సహా రేషన్ పూర్తిగా పోయింది 1954 జులైలో. యుద్ధం అయి తొమ్మిదేళ్లు!

చిక్కు ఇక్కడ వచ్చింది. అదే కాలంలో, అదే ప్రభుత్వం ఏలుతున్న బెంగాల్లో 1943లో కరువు వచ్చింది. బర్మా బియ్యం ఆగిపోయింది, పడవలను ప్రభుత్వం లాక్కుంది, బియ్యం ధర పేదవాడికి అందకుండా పోయింది. చనిపోయినవారు ఇరవై నుంచి ముప్ఫై లక్షలని అంచనా. కలకత్తాకు పూర్తి రేషన్ 1944లో గాని రాలేదు. చావుల్లో ఎక్కువ పల్లెలవి. ఇది చెప్పాలా వద్దా? "చిన్నపిల్ల నాన్నా, బడిలో ఇబ్బంది పడుతుంది" అని మా అమ్మాయి వద్దంది. నేను ఒప్పుకోలేదు. భయపెట్టకుండా చెప్పాను. అంతా విని పిల్ల "వాళ్లకు ఏ రంగు పుస్తకం ఇచ్చారు తాతయ్యా?" అంది. పల్లెలవాళ్లకు ఏ పుస్తకమూ లేదమ్మా అన్నాను.

పసిబిడ్డకు గుడ్డు ముందివ్వాలని లెక్క రాసిన పాలన మీద నాకు గౌరవమే. ఆ లెక్క సముద్రం దాటి ఎందుకు రాలేదన్నది కూడా ఆ దేశంలో పెరిగే మన పిల్లలు అడగాలి. బడిలో అడిగినా తప్పులేదని మా అమ్మాయికి చెప్పి పంపాను. ఇంకా ఒప్పుకోలేదు లెండి.

చివరగా ఒక మనవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిన రోజులనాటి కార్డు ఎవరింట్లోనైనా ఉంటే వచ్చే వేసవికి ఒకసారి ఇప్పించండి. పిల్లకు చూపించి భద్రంగా తిరిగి ఇస్తాను. నేను రాసినవన్నీ జనం ఇళ్లకే పోయాయి. సెలవు.