సవర నేర్చుకున్న మాస్టారు
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం, విశాఖపట్నం)



ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తలుచుకుంటాం. వాడుక భాష కోసం పోరాడిన పిడుగని పొగుడుతాం. ఆ పొగడ్తల్లో ఆయన బడిపంతులన్న సంగతి వెనకబడిపోతోంది. నేను ఈవేళ ఆ పంతులు గురించే చెబుతాను.

తండ్రి చోడవరంలో పోయాక విజయనగరంలో చదువుకుని, 1880లో ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. ముందు తెలుగు నేర్చుకుని రండని వాళ్లను అడగలేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని తానే సవర నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, కథలూ పాటలూ పోగుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, పిల్లల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. యాభై ఏళ్ల పని అది. ఆ బడిలో మొదటి పాఠం నేర్చుకున్నవాడు మాస్టారే. ఉపాధ్యాయ శిక్షణ అంటే నాకు తెలిసి ఇదే.

ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. మింగిన క్వినైన్‌కు వినికిడి పోయింది. జీవితాంతం చెవుడే. ఒక భాషను అంత శ్రద్ధగా విన్న మనిషికి చెవులు పోయాయి.

ఈ మాట దగ్గర నాకు నా తరగతి గుర్తొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వన్‌టౌన్‌లోని ఒక బడిలో మూడో తరగతికి చెప్పేవాణ్ణి. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేసే ఆయన కొడుకు ఒకడుండేవాడు. నేను బోర్డు మీద రాస్తూ లెక్క చెబుతుంటే వాడు పక్కవాడి పలక చూసేవాడు. కాపీ కొడుతున్నాడని వెనక బెంచీకి పంపాను. ఒకరోజు సుద్దముక్క జారి కింద పడింది. తీసుకుని, పిల్లల వైపు తిరిగి అదే లెక్క మళ్లీ చెప్పాను. వాడు కళ్లార్పకుండా నా పెదాలే చూశాడు. తల వంచి లెక్క చేశాడు. సరిగ్గా చేశాడు. అప్పటిదాకా, ఆరు నెలల పాటు, ఆ పిల్లాడికి నేను నా వీపుతో పాఠం చెప్పాను. మర్నాటి నుంచి వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టాను. రాసేటప్పుడు రాయడం, తిరిగాక చెప్పడం అలవాటు చేసుకున్నాను. నా ముఖం మీద వెలుగు పడేలా కిటికీకి ఎదురుగా నిలబడేవాణ్ణి. పైసా ఖర్చు లేదు. ఏ శిక్షణలోనూ నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు చట్టాలకు కొదవ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలంది. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకూ ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మండలాల్లో ఆ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అయితే మన పిల్లవాడు భవితకు వెళ్లొచ్చాక కూర్చునేది మన తరగతిలోనే. ప్రత్యేక ఉపాధ్యాయులు (ఐఈఆర్‌టీలు) వచ్చి చూసుకుంటారులే అని మనం తప్పుకోకూడదు.

భాష సంగతీ అంతే. పాడేరు, అరకు ఏజెన్సీలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా భాషల్లో 2004 తర్వాత వాచకాలు వచ్చాయి. గిడుగువారు చూపిన దారే అది, వందేళ్లు ఆలస్యంగా. ఇక నగరంలో, పోర్టు పనికీ స్టీల్‌ప్లాంటు పనికీ ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన కూలీల పిల్లలు మన బెంచీల మీద ఉన్నారు. వాళ్లను మొద్దులని రాసేసే ముందు, వాళ్లింట్లో అమ్మను ఏమని పిలుస్తారో ఒక్కసారి అడగండి.

ఇలాంటివి ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడానికి ఎనభైల్లో, తొంభైల్లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్స్ సెంటర్లు ఉండేవి. అక్కడ టీచర్లు తాము చేసిన పాఠం తెచ్చి తోటివాళ్ల ముందు పెట్టేవారు. ఉపన్యాసాల శిక్షణ కంటే అదే నయమని నా నమ్మకం.

అందుకే ఒక్కటి కోరతాను. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి, మీ తరగతిలో నోరు విప్పని ఒక్క బిడ్డ గురించి అరపేజీ రాసుకుని రండి. ఆ బిడ్డ ఎక్కడ కూర్చుంటుంది, ఏ భాషలో మాట్లాడుతుంది, మీరు అటు తిరిగినప్పుడు ఏం చేస్తుంది, అది చాలు. దాన్ని చదివి వినిపించి, మిగతావాళ్లను సలహా అడగండి.