పొట్ట బిగింపు ఆపరేషను: చీట్లలో వచ్చిన ప్రశ్నలు

(సంఘ మహిళావిభాగపు సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



కిందటి సమావేశమునాడు ద్వారముకడ ఒక డబ్బా నుంచి, ఆరోగ్యమును గూర్చి అడుగదలచిన సంగతులను పేరు వ్రాయకుండ చీటిపై వ్రాసి అందు వేయుడని కోరితిమి. చక్కెరవ్యాధిని గూర్చియు, మోకాళ్ల నొప్పులను గూర్చియు ప్రశ్నలు వచ్చునని తలచితిమి. అవియు వచ్చినవి. కాని వానికంటె ఎక్కువగా వచ్చినవి పొట్టను గూర్చిన ప్రశ్నలు. కాన్పుల తరువాత జారిన పొట్టను ఆపరేషనుతో బిగింపవచ్చునట, నిజమా, ప్రమాదమా, బొడ్డు ఏమగును అని అడిగిరి. కొన్ని చీట్లలో మాటలు తెలుగు, లిపి కన్నడమో తమిళమో. నోట అడుగుటకు సిగ్గుపడినవారు చీటిపై అడిగిరి. కనుక నేడు ఆ చీట్లను చేతబట్టుకొనియే మాటలాడెదము.

మేము శస్త్రచికిత్సకులము కాము. ముప్పదియేండ్లు ఆపరేషను వార్డులలో నర్సుగా పనిచేసి విరమించినవారము. చెప్పునది ఆ అనుభవముతో చెప్పునదే. మీ దేహమును చూచి నిర్ణయింపవలసినది మీ డాక్టరే.

టమ్మీ టక్ అని వాడుకలో పిలిచెడి దీనిని వైద్యులు అబ్డామినోప్లాస్టీ అందురు. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున హవర్డు కెల్లీ అను స్త్రీవైద్యనిపుణుడు 1899 లోనే వ్రేలాడు పొట్టచర్మమును కొవ్వుతోకూడ తొలగించిన సంగతిని ప్రకటించెను. నేటి పద్ధతిలో, కచ్చకట్టుకంటె క్రిందుగా, ఒక తుంటినుండి రెండవ తుంటివరకు కోతపెట్టి, చర్మమును పక్కటెముకలదాక లేపి, ఎడమైన కండరములను మధ్యగీత వెంట కుట్లతో దగ్గరకు చేర్చి, చర్మమును క్రిందికి లాగి మిగులుదానిని కోసివేయుదురు. సామాన్యముగా రెండు మొదలు నాలుగు గంటల పని. పూర్తి మత్తు ఇత్తురు.

మొదటి చీటి మమ్ము చాల బాధించినది. "మా అత్తగారు నడికట్టు గట్టిగా కట్టించుకోనందున పొట్ట జారినదందురు. తప్పు నాదేనా?" అని ప్రశ్న. తప్పు ఆమెది కాదమ్మా. గర్భము పెరుగునపుడు పొట్టముందు నిలువుగా నున్న రెండు కండరముల నడిమి పొర సాగును. కాన్పు తరువాత కొన్ని మాసములలో చాలమందికి అది తిరిగి దగ్గరపడును. కొందరికి పడదు. కవలలను మోసినవారికి, పలు కాన్పులైనవారికి ఎడము మిగులుట ఎక్కువ. పాత నూలుచీరతో కట్టెడి నడికట్టు నడుమునకు ఊతమిచ్చును, హాయి నిచ్చును. సాగిన పొరను అది కుట్టివేయలేదు. వెల్లకిల పరుండి తల కొంచెమెత్తినపుడు పొట్ట నడుమ గట్టువలె పైకి లేచినచో ఆ ఎడము మిగిలినదని గ్రహింపవచ్చును. అట్టివారు మొదట ఫిజియోథెరపీ నేర్పువారిని చూడవలెను. వ్యాయామముతో బలము చాలవరకు వచ్చును. ఆపరేషను మాట ఆ తరువాతిది. కాన్పైన వెంటనే దాని జోలికి పోరాదు. పాలు మాన్పించి, దేహము కుదుటపడువరకు ఆగవలెను.

సన్నబడుటకు ఇది మార్గమా అని నాలుగు చీట్లు. కాదు. బరువు తగ్గి, కొన్ని మాసములు అట్లే నిలిచినవారికే ఇది మేలు. వేళ్ల నడుమ మడతగా చిక్కునది చర్మము క్రింది కొవ్వు, దానిని తీయవచ్చును. పేగులచుట్టు పేరుకొన్న లోపలి కొవ్వును ఈ కత్తి అంటదు. వెనుకవరుసలో పురుషులు కొందరు నవ్వుచున్నారు. వారి గట్టిపొట్టలలో పెక్కు ఈ రెండవ తెగవే! అన్నము తగ్గించి నడచుట తప్ప వారికి వేరు దారి లేదు.

ఇంకను పిల్లలు కావలెనని యున్నవారు ఆగుట మంచిది. ఆపరేషను తరువాత గర్భము నిలువదని కాదు, నిలుచును. కాని కుట్టిన కండరములు మరల సాగును. పడిన కష్టము, పోసిన ధనము వృథా యగును.

బొడ్డు పోవునా? పోదు. అది తన కాడపై తానున్నచోటనే యుండును. చర్మమును క్రిందికి లాగినపుడు కొత్త రంధ్రము చేసి దానిని బయటికి తెచ్చి కుట్టుదురు. బొడ్డు క్రింది చారలు కోసివేసిన చర్మముతో చాలవరకు పోవును. పైనున్నవి క్రిందికి దిగునేగాని పోవు. సిజేరియను మచ్చయు తరచుగా ఆ చర్మముతోనే పోవును. అయితే కొత్త మచ్చ ఒకటి వచ్చును, అది జీవితాంత ముండును. మొదట ఎఱ్ఱగానో నల్లగానో ఉండి, నెమ్మదిపడుటకు ఏడాది పట్టును. చెవులు కుట్టించినచోటనో టీకా వేసినచోటనో కాయకట్టిన వారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పవలెను. వారికి ఈ పొడవైన కోతయు అట్లే కాయకట్టవచ్చును. బొడ్డు క్రింద చాలకాలము స్పర్శ తెలియదు. కొందరికి కొంతమేర ఎన్నటికిని రాదు. అచట వేడినీళ్ల సంచి పెట్టుకొని, తెలియక కాల్చుకొనరాదు.

ఇక బాధ. మొదటివారము వంగి నడువవలెను, మోకాళ్లు ముడుచుకొని పరుండవలెను. లోపల ఊరెడి నీరు బయటికి పోవుటకు సన్నని గొట్టములు పెట్టుట కలదు. బిగుతైన పట్టీని కొన్ని వారములు ధరింపవలెను. కూర్చుండి చేయు ఉద్యోగమునకు రెండు మొదలు నాలుగు వారములలో పోవచ్చును. బరువులెత్తుట మాత్రము ఆరువారములవరకైనను కూడదు. నీళ్ల బిందె, బియ్యపు మూట, గ్యాసు సిలిండరు, ఏడ్చుచు చేతులు చాచిన పసిబిడ్డ, అన్నియు బరువులే. మన ఇండ్లలో ఆరువారములు ఇవన్నియు ఎవరెత్తుదురు? ఈ ప్రశ్నను డాక్టరును కాదు, ముందు భర్తను అడుగవలెను. జవాబు సరిగా రానిచో ఆపరేషనుకు తేదీ పెట్టుకొనరాదు. పదవనాడే లేచి పిండి రుబ్బి, కుట్లు విడి మరల వార్డుకు వచ్చినవారిని మేము చూచితిమి.

ప్రమాదములలో తరచైనది చర్మము క్రింద నీరు చేరుట, సూదితో తీసివేయుదురు. చీము పట్టుట, రక్తము గడ్డకట్టి నిలుచుట, కోత అంచున చర్మము చచ్చుట కూడ కలవు. పొగాకు ఏ రూపమున లోపలికి పోయినను చర్మమునకు రక్తము తగ్గును. బీడి, చుట్ట, గుట్కా, శ్రీకాకుళమువైపు కుటుంబములలోని అడ్డపొగ, అన్నియు ఒకటే. ముందు నాలుగువారములు, తరువాత నాలుగువారములైనను మానవలెను. ఆస్పిరిను, గర్భనిరోధపు మాత్రలు, ఆయుర్వేద సిద్ధవైద్యుల లేహ్యములు, ఏది తినుచున్నను దాచక చెప్పవలెను. ఏది మానవలెనో వారు చెప్పుదురు. మనంతట మనము మానరాదు.

అన్నిటికంటె భయంకరమైనది పిక్కలోని రక్తనాళమున గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు పోవుట. మా బంధువులలో ఒకామె వేరొక ఊర ఈ ఆపరేషను చేయించుకొనెను. అయిదవనాడు ఒక పిక్క వాచి నొప్పిపెట్టినది. కట్టు బిగిసి వాచినదని ఇంటివారు నూనె రాసిరి. ఎనిమిదవనాటి రాత్రి ఊపిరాడక ఆసుపత్రికి చేర్చిరి. ఆయువు గట్టిది, బ్రతికినది. ఈ లక్షణమును గూర్చిన హెచ్చరిక ఆమె సంతకము చేసిన కాగితములో ఉన్నది. కాని ఆ కాగితము ఆమె చదువలేని భాషలో ఉన్నది. ఒక పిక్క వాచినను, ఆయాసము వచ్చినను, ఛాతీ నొప్పి పుట్టినను తెల్లవారువరకు ఆగకుడు. మత్తు దిగిన తరువాత నడిపింపగా విసుగుకొనక నడువుడు. ఆ నడక దీనికొరకే.

ఈ కాగితపు సంగతి మనకు ముఖ్యము. మనము అంగడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చక్కగా మాటలాడుదుము. కాని కడుపులోని నొప్పిని చెప్పవలసివచ్చినపుడు నోట వచ్చునది అమ్మ నేర్పిన మాటయే. రోగికి తగినంత వివరము తెలిపి పొందిన సమ్మతియే సమ్మతియనియు, ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి వేరొకదానికి చెల్లదనియు సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. కనుక అర్థము కాని కాగితముపై సంతకము చేయకుడు. చదివి చెప్పువారిని వెంట తీసికొనిపొండు. డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేకముగా పట్టము పొందినవారా, మత్తు ఇచ్చువారెవరు, రాత్రి కష్టము వచ్చిన చూచువారెవరు, తిరిగి థియేటరునకు పోవలసివచ్చిన ఖర్చెవరిది అని అడుగుడు. అడిగినందుకు కోపించు చోటును విడిచిపెట్టుడు. ఆరోగ్యబీమా అందముకొరకైన ఆపరేషనుకు సామాన్యముగా సొమ్మీయదు. బొడ్డుకడ హెర్నియా ఉన్నచో దాని ఖర్చు ఎంతవరకు ఇత్తురో ముందే వ్రాతమూలముగా తెలిసికొనవలెను.

చివరి చీటి కన్నడ లిపిలో, పెన్సిలుతో వ్రాసినది. "నాకు అక్కరలేదు. ఆయన చేయించుకొమ్మనుచున్నారు. డాక్టరుతో ఏమి చెప్పవలెను?" అని యున్నది. అమ్మా, ఆ మాటనే చెప్పుము. భర్తను బయట కూర్చుండబెట్టి, డాక్టరుతో ఒంటరిగా మాటలాడవలెనని కోరుటకు నీకు హక్కు కలదు. వద్దని నీవనినచో ఏ డాక్టరును కత్తి పట్టరాదు. తోడు కావలెనన్న, ఆదివారము సాయంకాలములందు మేము సంఘ గ్రంథాలయపు గదిలో ఉందుము. పేరు చెప్ప నక్కరలేదు.