కీబోర్డు వెనక రెండు కాళ్లు

రోజంతా టైపు చేసి, సాయంత్రం బస్సులో కమ్మీ పట్టుకునేసరికి మణికట్టు లాగేస్తోందని బాధపడేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ముఖ్యంగా కీబోర్డు వైపు చూడకుండా పది వేళ్లతో కొట్టేవాళ్ల కోసం. వాళ్ల చేతులు గంటల తరబడి ఒకే తీరులో నిలిచి ఉంటాయి. అందుకే చిన్న వంకరైనా వాళ్లను బాధపెడుతుంది.

మీ కీబోర్డు ఒకసారి తిరగేసి చూడండి. వెనకవైపు మడిచే రెండు బుల్లి కాళ్లుంటాయి. కొత్తది తేగానే చాలామంది వాటిని లేపి పెడతారు. అక్షరాలు బాగా కనిపిస్తాయి, నిజమే. కానీ మీరు అక్షరాలు చూడరు కదా! కాళ్లు లేపితే పై వరస ఎత్తవుతుంది. దాన్ని అందుకోవడానికి అరచెయ్యి పైకి లేస్తుంది, మణికట్టు వెనక్కి వంగుతుంది. మణికట్టులో ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు సందు ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ తెలిపే నరమూ ఆ సందులోంచే పోవాలి. చెయ్యి వంగేకొద్దీ అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఆ కాళ్లు ఇవాళే మడిచేయండి. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి, ఆలస్యం చేయకండి.

బల్ల మీ మోచేతి ఎత్తులో ఉండాలి. భోజనాల బల్ల మీద పనిచేసేవాళ్లు కుర్చీలో దిండు వేసుకుని, పాదాల కింద పీట పెట్టుకుంటే సరిపోతుంది.

నేను టైపు మిషను మీద నేర్చుకున్నవాణ్ని. అక్కడ అచ్చు పడాలంటే గట్టిగా కొట్టాలి. ఆ అలవాటు మానడానికి నాకు చాలాకాలం పట్టింది. మెకానికల్ కీబోర్డుల్లో చాలావాటికి కీ సుమారు 4 మిల్లీమీటర్లు దిగుతుంది. 2 దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగుదాకా గుద్దే దెబ్బంతా వేళ్లే మోయాలి.

ఇక తెలుగు టైపు చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన అమరిక అది. గుణింతాల గుర్తులు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువభాగం కుడిచేతికి పంచారు. ‘తెలుగు’ అని కొట్టి చూడండి. త కుడిచేత్తో, ఎత్వం ఎడమచేత్తో, ల కుడి, కొమ్ము ఎడమ, గ కుడి, మళ్లీ కొమ్ము ఎడమ. ఆరు దెబ్బలు, రోకటిపోటులా ఒక చెయ్యి తరవాత ఒకటి. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాస్త సేదతీరుతుంది. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మొదటి రెండూ ఎడమచేతికే, తరవాతి రెండూ కుడిచేతికే పడతాయి.

దీనికోసం ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే వచ్చేది చాలావరకు ఈ అమరికే. ఎఫ్, జె కీల మీద ఉబ్బెత్తు గీతలు తగులుతాయి, చూపుడువేళ్లు అక్కడ ఆనించి మొదలుపెట్టండి. మొదటి వారం వేగం పడిపోతుంది, కంగారుపడకండి. రోజూ అరగంట చాలు.